సిద్ధార్థ, రేజర్స్ ఎడ్జ్, గైడ్: మీ ఇంటికి ఏ నవల?

హెర్మన్ హెస్సే రాసిన 'సిద్ధార్థ' గురించి శ్రీకాకుళంలో ఏ నలుగురు చదువరులు కూర్చుని మాట్లాడుకున్నా కాసేపట్లో రెండు పక్షాలు తేలిపోతాయి. ఒక పక్షం ఆ పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునే రకం. రెండో పక్షం "ఇందులో అంతగా ఏముందండీ?" అని పెదవి విరిచే రకం. ఏడురోడ్ల జంక్షన్‌కి కాస్త అవతల ఒక మేడ మీద నెలకోసారి కూర్చునే మా గుంపులో ఈ తగువు ఎన్నోసార్లు విన్నాను. భక్తులు ఒకవైపు, నాస్తికులు ఇంకోవైపు ఉంటారనుకుంటాం కదా, అలా జరగదు. ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు, వెళ్ళాలని మనసులో ఉన్నవాళ్ళు ఒక జట్టు. వెళ్ళిపోయినవాళ్ళ ఫోన్ కోసం చూస్తూ ఇంట్లో మిగిలినవాళ్ళు ఇంకో జట్టు. మన జిల్లాలో రెండో జట్టే పెద్దది. చెన్నైకో, హైదరాబాద్‌కో, చేపల వేటకని గుజరాత్ రేవులకో ఎవరూ వెళ్ళని ఊరు ఇక్కడ వెతికినా దొరకదు.

అందుకే ఎవరైనా "ఆధ్యాత్మిక అన్వేషణ మీద మంచి నవల చెప్పండి" అంటే ముందు వాళ్ళ ఇంటి సంగతి అడుగుతాను. పుస్తకం పేరు తర్వాత చెబుతాను. ఈ వరసలో జనం ఎక్కువగా అడిగేవి మూడు: హెస్సే 'సిద్ధార్థ', సోమర్‌సెట్ మామ్ 'ది రేజర్స్ ఎడ్జ్', ఆర్.కె. నారాయణ్ 'ది గైడ్'. మూడూ చదివే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి, ఎవరికి ఏది సరిపోతుందో నాకు తోచింది రాస్తున్నాను.

సిద్ధార్థ: ముందు ఒక చిక్కు

పేరు చూసి ఇది బుద్ధుడి జీవితకథ అనుకుని కొనేవాళ్ళు చాలామంది. నవలలో సిద్ధార్థుడు వేరు, గోతమ బుద్ధుడు వేరు. సిద్ధార్థుడు ఒక బ్రాహ్మణ కుర్రాడు. ఇల్లు వదిలి శ్రమణులనే సన్యాసులతో అడవులు పట్టి తిరుగుతాడు. మూడో అధ్యాయంలో బుద్ధుణ్ణి కలుస్తాడు. ఆయన మీద గౌరవం ఇసుమంత తగ్గకుండానే, ఆయన బోధ మాత్రం తనకి వద్దనుకుని నడిచిపోతాడు. వెంట వచ్చిన స్నేహితుడు గోవిందుడు సంఘంలో చేరిపోతాడు. బుద్ధుడు ఏం చెప్పాడో తెలుసుకోవాలన్న కోరికతో ఈ నవల కొంటే డబ్బు దండగ. దానికి ధమ్మపదం చదువుకోండి. ఆదివారం పూట వంశధార పక్కన శాలిహుండం కొండెక్కి, 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన ఆ బౌద్ధ కట్టడాల మధ్య ఒక పూట గడిపి రండి. విజయనగరం వాళ్ళకి రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ ఉండనే ఉంది.

మా గుంపులో సంస్కృతం బాగా చదువుకున్న ఒక రిటైర్డ్ మాస్టారికి ఈ పుస్తకం గొంతు దిగదు. ఓంకారం, ఆత్మ, నిర్వాణం, శ్రమణులు అన్నీ ఒకే కుండలో పోసి కలిపేశాడని ఆయన ఫిర్యాదు. పైగా గోవిందుడు, వాసుదేవుడు, కమల అని వైష్ణవుల ఇళ్ళలో పెట్టుకునే పేర్లు బుద్ధుడి కాలం కథలో ఏంటంటారు. ఆయన మాటలో నిజముంది. హెస్సే జర్మన్. తల్లి తరఫు తాత హెర్మన్ గుండర్ట్ కేరళలో తలశ్శేరిలో మత ప్రచారకుడిగా ఉండి 1872లో మలయాళ నిఘంటువు అచ్చువేసిన మనిషి. హెస్సే తల్లి పుట్టింది కూడా తలశ్శేరిలోనే. హెస్సే మాత్రం 1911లో తూర్పు దేశాలకి ఓడెక్కి సిలోన్, సుమత్రా వరకు వచ్చి, ఇండియా గడ్డ మీద కాలు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోయాడు. 1922లో అచ్చయిన ఈ నవలలో ఉన్నది తాతగారి ఇంట్లో పుస్తకాల మధ్య పెరిగిన ఇండియా. దాన్ని చరిత్రగా చదివితే మాస్టారిలాగే చిరాకు పడతారు. కథగా చదివితే ఆ చిరాకు రెండో అధ్యాయానికే పోతుంది.

ఇక అసలు తగువు దగ్గరికి వద్దాం.

మొదటి అధ్యాయంలో ఒక రాత్రి ఉంది. కొడుకు వెళ్ళిపోతానంటాడు. తండ్రి వద్దంటాడు. కొడుకు ఎదురు మాట్లాడడు, చేతులు కట్టుకుని అలాగే నిలబడతాడు. తండ్రి వెళ్ళి పడుకుంటాడు, నిద్ర పట్టదు. లేచి కిటికీలోంచి చూస్తే కొడుకు కదలకుండా అక్కడే ఉన్నాడు. మళ్ళీ పడుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. తెల్లారేసరికి కొడుకు మోకాళ్ళు వణుకుతున్నాయి, ముఖంలో మాత్రం వణుకు లేదు. వీడు నా ఇంట్లో ఉన్నా ఇప్పటికే వెళ్ళిపోయాడని తండ్రికి అప్పుడు తెలుస్తుంది. వెళ్ళమంటాడు.

డిగ్రీ చదివే పిల్లలు ఈ చోట బోల్తా పడతారు. గ్రూప్స్ కోచింగ్‌లో చేరమని ఇంట్లో వత్తిడి ఉన్నవాళ్ళయితే మరీ. తమ మనసులో మాటే ఎవరో వందేళ్ళ కిందట రాసిపెట్టాడంటారు. నవల మొత్తం పన్నెండు అధ్యాయాలు. అందులో మొదటి నాలుగు మాత్రం వీళ్ళు రెండుసార్లు చదువుతారు.

అదే రాత్రి గురించి మా గుంపులోనే ఒకావిడ అడిగిన ప్రశ్న వేరు. ఆవిడ కొడుకు ఊళ్ళో లేడు, కారణం ఏదైతేనేం. "ఆడు ఎల్లిపోనాడు సరే, ఆల అమ్మ సంగతేటి?" అంది. పుస్తకం తిరగేసి చూస్తే తండ్రికి ఒక రాత్రంతా ఉంది. తల్లికి దక్కింది ఒకటి రెండు వాక్యాలు. వెళ్ళి అమ్మకి చెప్పిరా అని తండ్రి అంటాడు, కొడుకు వెళ్తాడు, అంతే. ఆవిడ ఏమంది, ఏడ్చిందా, అన్నం పెట్టిందా, హెస్సే రాయలేదు. ఆ తర్వాత ఎక్కడా ఆ తల్లి కనిపించదు. కమల పరిస్థితీ కొంచెం అలాంటిదే. సిద్ధార్థుడికి ప్రేమంటే ఏమిటో నేర్పి, కొడుకుని కని, పాము కాటుకి చనిపోయి దారి తొలగుతుంది. ఆడవాళ్ళు ఇందులో ఒకడి ప్రయాణంలో స్టేషన్లలా ఉన్నారన్న విమర్శకి నా దగ్గర జవాబు లేదు. ఉందని వాదించేవాళ్ళ మాట కూడా నాకు నచ్చలేదు.

అయితే ఆవిడకి పదో అధ్యాయం దాకా ఓపిక పట్టమని చెప్పాను. దాని పేరే 'కొడుకు'. సిద్ధార్థుడు ముసలివాడై నది ఒడ్డున పడవ నడుపుకుంటూ ఉండగా, కమల కన్న కొడుకు అతని దగ్గరికి చేరతాడు. పదకొండేళ్ళ పిల్లాడు, మొండి. తండ్రి ఎంత బుజ్జగించినా లొంగడు. చివరికి పడవవాళ్ళ డబ్బు పట్టుకుని, పడవ వేసుకుని పారిపోతాడు. అవతలి ఒడ్డున ఆ పడవలో తెడ్డు కూడా ఉండదు. సిద్ధార్థుడు ఊరి దాకా వెంటపడి వెళ్ళి వెనక్కి వస్తాడు. ఆ పుండు మానదు. తర్వాతి అధ్యాయంలో ఒకరోజు మళ్ళీ కొడుకుని వెతకడానికి నది దాటుతూ నీళ్ళలో తన ముఖం చూసుకుంటే, అది అచ్చం తన తండ్రి ముఖంలా ఉంటుంది. ఆ రాత్రి కిటికీ దగ్గర నిలబడిన మనిషి ముఖం. తండ్రి కూడా ఇలాగే ఏడ్చి ఉంటాడని అతనికి ఇన్నేళ్ళకి తట్టింది.

ఇరవై ఏళ్ళప్పుడు ఈ పేజీలు గబగబా తిప్పేసి, పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ చదివి ఇక్కడే ఆగిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. హెస్సే కూడా నవల మధ్యలో ఏడాదికి పైగా కలం కదలక ఆగిపోయాడు. ఆ అతుకు చదివేవాళ్ళకి తెలుస్తుంది. ముందు భాగం పరుగు, తర్వాతి భాగం నడక. నా మటుకు నాకు ఆ నడకే ఇష్టం.

ఇంకో రకం చదువరి ఉన్నాడు, అతన్ని ఎవరూ పట్టించుకోరు. మా గుంపుకి అప్పుడప్పుడు వచ్చే ఒక ధాన్యం కమీషన్ వ్యాపారి. కామస్వామి అనే వర్తకుడి దగ్గర సిద్ధార్థుడు పనికి కుదిరాక, ఒకసారి ఒక పల్లెకి ధాన్యం కొనడానికి వెళ్తాడు. వెళ్ళేసరికి పంట వేరేవాడికి అమ్ముడైపోయింది. మనవాడు వెంటనే తిరిగి రాకుండా అక్కడే కొన్నాళ్ళు ఉండి, రైతులతో కబుర్లాడి, పిల్లలకి చిల్లర పంచి, ఒక పెళ్ళి భోజనం చేసి తీరిగ్గా వస్తాడు. కామస్వామి మండిపడితే, తిట్టి ఏం లాభం, నష్టం నష్టమే, నాకు మాత్రం హాయిగా గడిచింది అంటాడు. చదువుకున్నవాళ్ళంతా ఇది వైరాగ్యం అని మెచ్చుకుంటుంటే మా వ్యాపారి నవ్వాడు. "ఇది వైరాగ్యం కాదు, మంచి వ్యాపారం. వచ్చే పంటకి ఆ ఊరోళ్ళు ఎవరికి అమ్ముతారనుకున్నారు?" నవల మీద నేను విన్న తెలివైన మాటల్లో ఇదొకటి.

చివరిగా ఒక అభ్యంతరం, మన ప్రాంతంలో తప్పకుండా వచ్చేది. నీకేం వచ్చు అని అడిగితే సిద్ధార్థుడు మూడు చెబుతాడు: ఆలోచించగలను, వేచి ఉండగలను, ఉపవాసం ఉండగలను. ఈ మాట టీ షర్టుల మీద కూడా వేసుకునేంత పేరున్నది. వలస కూలీల ఇళ్ళలోంచి వచ్చిన కుర్రాడు ఒకడు మా దగ్గర దీన్ని చదివి, "మా తాతకీ ఈ మూడూ వచ్చండి, ఎవరూ పన్లోకి తీసుకోలేదు" అన్నాడు. పస్తు విద్యగా చెలామణీ అవ్వాలంటే ముందు ఇంట్లో గాదె నిండా ధాన్యం ఉండాలి. హెస్సేకి ఇది తట్టలేదు. చదివేవాళ్ళకి తట్టాలి. అయినా ఆ కుర్రాడు పుస్తకం పూర్తి చేశాడు, వాసుదేవుడి కోసం. ఏ శాస్త్రమూ చదవకుండా, మాట తక్కువగా, నదిని వింటూ బతికే ఆ పడవ మనిషిని తనకి బాగా తెలుసన్నాడు.

రేజర్స్ ఎడ్జ్: వెళ్ళిపోయినవాణ్ణి చూసేవాళ్ళ కథ

1944లో వచ్చిన ఈ నవల పేరు కఠోపనిషత్తులోది. బడి గోడల మీద రాసే "ఉత్తిష్ఠత జాగ్రత" ఉంది కదా, ఆ మంత్రంలోనే తర్వాతి మాట "క్షురస్య ధారా". మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన లారీ అనే అమెరికన్ కుర్రాడికి, తనని కాపాడబోయి స్నేహితుడు చనిపోవడంతో, ఉద్యోగం సద్యోగం మీద మనసు విరిగిపోతుంది. పెళ్ళి నిశ్చయమైన ఇసబెల్ అతన్ని ప్రేమిస్తుంది, కానీ పేదరికాన్ని పెళ్ళి చేసుకోలేనంటుంది. అతను పారిస్, బొగ్గు గనులు, క్రైస్తవ మఠం, చివరికి దక్షిణ భారతం తిరుగుతాడు.

సిద్ధార్థలో లేనిది ఇందులో ఉంది. కథ లారీ నోట రాదు. చెప్పేది మామ్, పేరుతో సహా తనే ఒక పాత్ర. మనం ఎప్పుడూ వెనక ఉండిపోయినవాళ్ళ పక్కన కూర్చుని లారీని చూస్తాం. ఇసబెల్ కోపం, ఆవిడ మేనమామ ఎలియట్ దర్పం, భర్త తలనొప్పి, ఇవన్నీ సన్యాసంకన్నా ఎక్కువ చోటు తీసుకుంటాయి. కొడుకో అల్లుడో ఆశ్రమాల చుట్టూ తిరుగుతుంటే ఏం మాట్లాడాలో తెలియని కుటుంబాలకి నేను ఇచ్చే పుస్తకం ఇదే. ఇసబెల్ చేసిన ఒక ఘోరమైన పని ఉంది, అది చెప్పను. కానీ ఆవిడ మీద కోపం వచ్చినప్పుడల్లా, నేనయితే ఏం చేసేదాన్ని అని ఆడవాళ్ళు ఆగి ఆలోచించడం చూశాను.

మామ్ 1938లో తిరువణ్ణామలై వెళ్ళి రమణ మహర్షిని చూశాడు. ఆశ్రమంలో స్పృహ తప్పి పడిపోయాడు కూడా. లారీ గురువు శ్రీగణేశుడిలో మహర్షి ఛాయలున్నాయి. 1950లో చలం అరుణాచలం ఎందుకు చేరాడో, 1979లో పోయేదాకా అక్కడే ఎందుకు ఉండిపోయాడో తెలియక తికమకపడే తెలుగు పాఠకుడికి ఈ భాగం మీద సహజంగానే ఆసక్తి ఉంటుంది. చిత్రమేంటంటే, లారీ తన ఇండియా అనుభవం చెప్పే అధ్యాయం మొదట్లో మామ్ స్వయంగా, ఇది వదిలేసినా కథకి లోటు లేదు, కానీ ఈ సంభాషణే లేకపోతే నేనీ పుస్తకం రాసేవాణ్ణే కాదేమో అంటాడు. వదిలేసేవాళ్ళు ఉన్నారు. మీరు వదలకండి.

ఇబ్బంది ఒకటే. మూడింట్లో ఇదే పొడవు, పారిస్ విందుల వర్ణన మరీ ఎక్కువ. సగంలో విసుగు రావడం మామూలే.

గైడ్: స్వాములంటే నమ్మకం లేనివాళ్ళకి

సినిమా చూశాం కదా అని ఈ నవల వదిలేసేవాళ్ళు మా వైపు చాలామంది. 1965 నాటి హిందీ సినిమాలో ముగింపు వేరు. నవల 1958లో వచ్చింది, 1960లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. రాజు రైల్వే స్టేషన్లో గైడ్. ఒక నాట్యగత్తె వెంటపడి, దొంగ సంతకం చేసి జైలుకి వెళ్తాడు. విడుదలై ఒక పాడుబడ్డ గుడి దగ్గర కూర్చుంటే, వేలన్ అనే పల్లెటూరివాడు సాధువనుకుని దణ్ణం పెడతాడు. రాజు కాదనడు. తిండి వస్తుంది కదా. అక్కణ్ణుంచి అబద్ధం పెరిగి పెరిగి, కరువు రోజుల్లో వాన కోసం ఉపవాసం చేయాల్సిన పరిస్థితికి వస్తుంది.

సిద్ధార్థుడి ఉపవాసం నేర్చుకున్న విద్య. రాజుది మీద పడ్డ శిక్ష. అతను దొంగే. ఉపవాసం మధ్యలో ఎక్కడో, జీవితంలో మొదటిసారి తన కోసం కాకుండా ఒక పని చేస్తున్నానని అతనికి అనిపిస్తుంది. దొంగ స్వామి నిజం స్వామి అయ్యాడా అన్న ప్రశ్నకి నారాయణ్ జవాబు చెప్పడు. ప్రవచనాలంటే ఒళ్ళు మండేవాళ్ళు కూడా ఈ చోట మెత్తబడతారు.

ముగింపు తెలియకూడదనుకుంటే ఈ పేరా దాటేయండి. ఉపవాసం చివర్లో రాజు నీళ్ళలో నిలబడి, కొండల మీద వాన పడుతోంది, నా కాళ్ళ కింద నుంచి వస్తున్నట్టు తెలుస్తోంది అంటూ కుంగిపోతాడు. వాన నిజంగా పడిందా, నీరసంతో భ్రమపడ్డాడా అని ప్రపంచమంతా తగువులాడుతుంది. మా గుంపులో మాత్రం ఆ తగువు ఎక్కువసేపు నడవలేదు. నాగావళి ఒడ్డున పుట్టిన ఒక పెద్దాయన, ఇందులో అనుమానమేంటి అన్నాడు. ఒడిశాలో కలహండి, రాయగడ కొండల్లో కురిస్తే ఇక్కడ చినుకు పడకుండానే ఏరు పొంగుతుంది. ముందు కాళ్ళకి తెలుస్తుంది, తర్వాత కళ్ళకి. రాజు చచ్చిపోయాడో లేదో ఆయనకి పట్టలేదు, వాన మటుకు పడిందని ఖాయం చేసేశాడు. నాకు ఆ చదువు నచ్చింది.

మరి ఏది తీసుకోవాలి?

ఇరవైల్లో ఉండి, ఏదో ఒకటి తేల్చుకోలేక టెన్షన్ పడుతుంటే సిద్ధార్థ. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. మొదటి నాలుగు అధ్యాయాల దగ్గర ఆపి రాజీనామా పత్రం రాయకండి, అంతే. వెళ్ళినవాడు అడవిలో ఏం కనుక్కున్నాడో కూడా అక్కడే ఉంది: ధ్యానంలో కాసేపు తనని తాను మర్చిపోవడం, ఎడ్లబండి తోలేవాడు సారా తాగి మర్చిపోవడం ఒకటేనేమో అని శ్రమణుల మధ్య ఉండగానే అతనికి సందేహం వస్తుంది.

మీ పిల్లవాడి బల్ల మీద ఆ పుస్తకం చూసి గుండె ఝల్లుమంటే, దాచేయకండి. అతను నిద్రపోయాక తీసి పదో అధ్యాయం, పదకొండో అధ్యాయం చదవండి. మాట్లాడటానికి ఇద్దరికీ ఏదో ఒకటి దొరుకుతుంది.

భార్యాభర్తల్లో ఒకరికి గుళ్ళు, ఒకరికి ఈఎంఐలు అయితే రేజర్స్ ఎడ్జ్. బాబాల పేరెత్తితే లేచిపోయేవాళ్ళకి గైడ్. నలుగురు కలిసి చదవాలంటే కూడా గైడే ముందు పెట్టండి. ఇంగ్లీషు తేలిక, నవ్వొస్తుంది, వాదించుకోవడానికి చివరి పేజీ ఉంది. సిద్ధార్థ పెడితే సగంమంది మౌనంగా తలాడిస్తారు, మిగతా సగం మొహమాటానికి ఊరుకుంటారు.

తెలుగులోనే పుట్టిన నవల కావాలంటే బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. దేవుణ్ణి వెతికే కథ కాదు, దయానిధి వెతుకులాట వేరు. కానీ పై మూడూ చదివి ఏదో వెలితిగా ఉందన్నవాళ్ళలో కొందరికి అది సరిగ్గా కుదిరింది. నవలల కోసం నేరుగా శ్రీకాకుళంలోని కథానిలయం గ్రంథాలయానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట: కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో దాన్ని పెట్టింది ముఖ్యంగా కథల కోసం.

సిద్ధార్థ ఇంగ్లీషులో చదవదలిస్తే ఏ అనువాదమన్నది పట్టించుకోవాలి. హిల్డా రోస్నర్ 1951లో చేసింది పాతదే అయినా సాఫీగా పోతుంది, పాత పుస్తకాల దుకాణాల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. సుసాన్ బెర్నోఫ్‌స్కీ అనువాదం 2006 నాటిది, కొత్తగా కొనేవాళ్ళు అది చూడొచ్చు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరికేది జర్మన్ వాక్యాల పొడవుని అలాగే పట్టుకొచ్చింది. ఇంగ్లీషు మీద గట్టి పట్టు లేకపోతే రెండో అధ్యాయంలోనే వదిలేస్తారు, వదిలేసి నవల బాగాలేదంటారు. హెస్సే 1962లో పోయాడు. మన చట్టం ప్రకారం అరవై ఏళ్ళు నిండి 2023 నుంచి మూలం మీద హక్కులు తీరిపోయాయి కాబట్టి, కొత్త తెలుగు అనువాదాలు ఇంకా రావచ్చు. తెలుగులో కొనేముందు కిటికీ దగ్గర తండ్రి నిలబడే ఆ పేజీ ఒకటి దుకాణంలోనే చదివి చూడండి. అక్కడ నడక కుదిరితే మిగతా పుస్తకం కూడా కుదిరినట్టే.